సూది నిలవని బిళ్ళలు

హలో… ఆ, నేనే బావా. ఫోన్ అత్తయ్యదే, ఎత్తింది నేను.

…గోంగూర వలుస్తున్నాం, ఇద్దరం. మొన్నటి వానకి ఆకంతా మట్టి పట్టింది. ఒక్కో ఆకూ తిప్పి చూసి తుంచాల్సొస్తోంది… ఉండు, భుజం మీంచి జారిపోతోంది. స్పీకర్‌లో పెట్టి పీట మీద ఉంచుతా.

ఆ, ఇప్పుడు చెప్పు.

అత్తయ్యా, మీ అబ్బాయి. నందిగామ షాపు నుంచి.

…మాట్లాడరంట. తల అడ్డంగా ఊపారు… ఎందుకంటే నన్నడుగుతావేంటి. రాత్రి ఆవిడ ఒక్క మాట అడిగితే కంచం ముందు నుంచి లేచిపోయింది నువ్వు.

…సరే, నాకే చెప్పు. నువ్వు నాకు చెప్తే నేను ఆవిడకి చెప్తా. ఆవిడ నాకు చెప్తే నేను నీకు చెప్తా. రాత్రి నుంచీ నా పని అదేగా.

…యూనస్ అన్నా? రాలేదు.

…లేదు, ఫోన్ కూడా లేదు. రోజూ ఆయన వత్సవాయి నుంచి వచ్చే వేళకి అత్తయ్య టీ పెట్టారు. గేటు దాకా వెళ్ళి చూసొచ్చారు. చల్లారిపోయాక ఆ టీ నేనే తాగా.

…దెప్పడం కాదు బావా, జరిగింది చెప్తున్నా. ఇన్నేళ్ళుగా పొద్దున్నే మనింట్లో బండి పెట్టి, నీ బండి వెనక కూర్చుని షాపుకొచ్చే మనిషి. నువ్వేమో భవానీప్రసాద్ గారి ముందు 'చేత కాకపోతే పో' అన్నావు…

…అన్నావా, లేదా? …ఆ. కోపంలో అన్నావు. ఆయన కోపం లేకుండానే వెళ్ళిపోయాడు.

…నిన్న సాయంత్రం బస్సులో వచ్చాడు, తన బండి కోసం. ఎప్పుడూ 'వెళ్ళొస్తా పెద్దమ్మా' అని గేటు దగ్గర ఒక కేక వేసి గానీ స్టార్ట్ చెయ్యడు కదా. నిన్న స్టార్టే చెయ్యలేదు. చప్పుడు వినపడకుండా రోడ్డు దాకా నెట్టుకుంటూ వెళ్ళాడు. నేను మేడ మీద బట్టలు తీస్తున్నా, చూశా.

…లేదు, అత్తయ్యకి చెప్పలేదు. ఇప్పుడు విన్నారుగా.

…భవానీప్రసాద్ గారు మళ్ళీ వచ్చారా? …ఏమంటారు?

…'స్ప్రేయర్లు అమ్ముకునేవాణ్ణి, మీ బిళ్ళలు పెట్టి రైతుల చేత తిట్లు తినలేను' అన్నారా. అంటారు మరి. నాజిల్‌లో పెట్టే బిళ్ళకి బెజ్జం పెద్దదైతే, పొగలా రావాల్సిన మందు ధారలా కారుతుంది. మిరప చేను మాడితే ఆయన కొట్టు ముందుకొచ్చి నిలబడరూ?

…సాయంత్రానికి మంచివి ఇవ్వకపోతే విజయవాడ నుంచి తెప్పించుకుంటారంటనా. ఇంకెప్పుడూ మన దగ్గరికి రారంటనా.

…విన్నా. తెలుస్తోంది బావా, అరవకు. షాపంతా ఇప్పుడు ఈ బిళ్ళల మీదే నడుస్తోందని నాకు తెలుసు.

…మరి యూనస్ అన్న లేకుండా నువ్వొక్కడివే కూర్చుని బెజ్జాలు వేస్తున్నావా? …వస్తున్నాయా?

…రావట్లేదు.

…నువ్వు బిగించినా బిట్టు ఊగి బెజ్జం పెద్దదవుతూనే ఉందా? ఆయనకి బిగించడం రాక ఊగుతోందన్నావుగా నిన్న… సరే, అనను. అడిగానంతే.

…బిట్టుని పట్టుకునే ఆ పాత చక్కు పెట్టి చూడలేదా? …విప్పి అటక మీద పడేశావు. యూనస్ అన్న అదేగా అడిగాడంట, 'కొత్తవాటి సంగతి తేలేదాకా పాత చక్కు పెట్టుకుందాం' అని. …ఆ, నువ్వే చెప్పావు రాత్రి. దానికే నీకు మండింది. కొత్త సామానంటే ఆయనకి గిట్టదన్నావు.

…నాకలా అనిపించలేదు. చక్కుకి బదులు ఈ కాలెట్లు కొన్న రోజున నీ కన్నా ఆయనే ఎక్కువ మురిసిపోయాడు. అత్తయ్య ఆ డబ్బా తెరిచి చూసి, 'పాతది బాగానే పట్టుకుంటోందిగా, ఈ ముక్కుపుడకల పెట్టె ఎందుకురా' అన్నారు, గుర్తుందా? నువ్వు జవాబు చెప్పకుండా స్నానానికి పోయావు. ఆయనే చెప్పాడు.

…నువ్వు వినలేదు. పొయ్యి మీది గరిట తీసుకుని, కాడని మూడు వేళ్ళతో పట్టుకున్నాడు. 'పెద్దమ్మా, ఇది మన పాత చక్కు. సన్న కాడైనా లావు కాడైనా పట్టుకుంటుంది. కానీ మూడు చోట్లే పట్టుకుంటుంది. ఒక వేలు అరిగిందా, కాడ పక్కకి వాలుతుంది' అన్నాడు. తర్వాత కాడని గుప్పిట్లో బిగించి, 'ఇదేమో కాలెట్. చుట్టూ ఒకేలా పట్టుకుంటుంది, వాలనివ్వదు. కాకపోతే ఏ సైజు బిట్టుకి ఆ సైజు కాలెటే ఉండాలి' అన్నాడు.

…ఆవిడా? 'అయితే మీ పెదనాన్నకి మల్లే గ్లాసు మారితే టీ తాగదన్నమాట' అన్నారు. ఇద్దరూ ఒకటే నవ్వు.

…లేదు, ఇప్పుడు నవ్వట్లేదు. గోంగూర వైపే చూస్తున్నారు.

…బావా, నీ చొక్కా ఉతుకుతుంటే జేబులో రెండు బిళ్ళలు దొరికాయి. ఒకటి పాత చక్కుతో వేసింది, ఒకటి కాలెట్‌తో వేసింది, అవునా? …ఏముంది, పాతది నల్లబడింది, కొత్తది మెరుస్తోంది. ఒకే సూది తీసుకుని రెంటిలోనూ దూర్చి చూశా. పాతదాంట్లో కాస్త వదులుగానైనా నిలబడింది. కొత్తదాంట్లో నిలవలేదు, జారి కింద పడింది.

…అదే నాకూ అర్థం కావట్లేదు. అరిగిపోయిన చక్కు కన్నా కొత్త కాలెట్ అధ్వాన్నంగా ఎట్టా వేస్తుందా అని రాత్రంతా అదే ఆలోచన.

…అమ్మిన షాపువాడు నకిలీది అంటగట్టాడా? …ఏమో. ఆ మాట నిన్న అనుకుని ఉంటే బాగుండేది. యూనస్ అన్న కన్నా ముందు వాణ్ణి అనుమానించి ఉంటే.

…సరే, సరే. ఒకటడుగుతా, విసుక్కోవుగా.

…గురువారం, కొన్న రోజు, షాపులో ఒక కాలెట్ బిగించి చూశావు కదా. బిట్టు ఊగుతోందేమోనని డయల్ పెట్టి చూశాననీ, దాని ముల్లు అసలు కదల్లేదనీ నాకు ఫోన్ చేసి మరీ చెప్పావు. …అంటే నకిలీది కాదుగా.

…ఎవరు బిగించారప్పుడు? …నువ్వే.

…నిన్న భవానీప్రసాద్ గారు బిళ్ళలు తిరిగి తెచ్చాక మళ్ళీ డయల్ పెడితే ముల్లు ఊగింది. …అదే కాలెటా, వేరేదా? …అదే. మెషినూ అదే.

…మధ్యలో శనివారం యూనస్ అన్న దాంతో పని చేశాడు. అందుకని ఆయనే గట్టిగా బిగించి పాడు చేశాడంటావు.

…డబ్బాలో మిగతావి? ఇవ్వాళ వాటిని కూడా పెట్టి చూశావా? …అవీ ఊగుతున్నాయా. అన్నీనా?

…ఆయన అసలు చెయ్యే పెట్టనివి కూడా?

…మరి వాటిని ఎప్పుడు పాడు చేశాడు బావా?

…

…అయితే అన్నీ ఎట్టా పాడయ్యాయంటావా?

…అది కాదు నేనడిగేది. గురువారానికీ శనివారానికీ మధ్య శుక్రవారం ఉంది. శుక్రవారం ఆ డబ్బా ఎక్కడుంది?

…అవును. ఇక్కడే. మన దేవుడి గూటి ముందు.

…ఉండు, ఒక్క నిమిషం. స్పీకర్ తీసేస్తా.

…ఆ, ఇప్పుడు నాకొక్కదానికే వినపడుతుంది. …ఎదురుగానే ఉన్నారు. అందుకే మెల్లగా మాట్లాడుతున్నా.

…బొట్లు. …అవే.

…నువ్వు నిద్ర లేవలేదప్పటికి. ఇనుము మీద ఉత్త కుంకుమ నిలవదని పసుపూ కుంకుమా నూనెలో రంగరించారు. ఒక్కోదాన్నీ డబ్బాలోంచి తీసి చుట్టూ పెట్టారు. ఆ నిలువు చీలికలు ఉంటాయి కదా, వాటిల్లోకి కూడా దిగింది. మళ్ళీ దేని గుంటలో దాన్ని సర్ది, పైన ఒక పువ్వు పెట్టారు.

…చిటికెడే, కాదనను. కానీ వెంట్రుకంత తేడా వస్తే బిళ్ళ పనికిరాదని నువ్వే అంటావు. ఎండిన బొట్టు వెంట్రుక కన్నా మందం ఉండదా?

…రాలిపోదు బావా, నూనె కలిసింది. నొక్కే కొద్దీ అంటుకుపోతుంది. పూజ పీట మీది మరక నిన్న పీచు పెట్టి తోమితే గానీ వదల్లేదు.

…పాత చక్కుకీ ఏటా పెట్టేవాళ్ళం, నిజమే. దానికి పైన పెట్టేవాళ్ళం, బయటి చిప్ప మీద. అది బిట్టుని పట్టుకునే చోటు కాదు. ఇవి అట్టా కాదుగా. ఇవి మొత్తం పట్టుకునే చోటే.

…నాకేం తెలుసు. తోచింది చెప్పా. ఒకసారి లైటు వేసి చూడు. ఫోన్ పెట్టెయ్యకు, బల్ల మీద ఉంచి చూసి రా. ఉంటా.

…

…ఏం లేదత్తయ్యా. ఏదో చూస్తానని వెళ్ళాడు. ఆ ముదురాకు ఇటు పడెయ్యండి, నేను చూస్తా…

…నేనెందుకు దాస్తానత్తయ్యా మీ దగ్గర.

…అవును. బొట్ల గురించే. ఇంకా తెలీదు, చూస్తున్నాడు. …మీరు మంచికే పెట్టారు. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనట్లేదు.

…ఆ, బావా, చెప్పు.

…ఎర్రగా ఉందా. చీలికల్లో… బిట్టు దూరే బెజ్జంలో కూడానా. …గట్టిపడిందా. మెషిన్‌లో కాలెట్ కూర్చునే చోట కూడా అంటిందా?

…సరే.

…వద్దు వద్దు, మేకుతో వద్దు. గీత పడితే ఇక అది పనికిరాదు. అగ్గిపుల్లతో గీకు. కిరసనాయిలు ఉందా? …పెట్రోలైతే పెట్రోలే. మెత్తటి గుడ్డ తీసుకుని, అది కూర్చునే చోట కూడా లోపల దాకా తుడువు. ముందు ఒక్కటి చెయ్. ఒక్కటి చేసి డయల్ పెట్టి చూడు.

…ఉంటా. ఎక్కడికి పోతా.

…

…అత్తయ్యా, మంచినీళ్ళు తెచ్చివ్వనా? …పోనీ కాసేపు వాలండి. మిగిలింది నేను వలుస్తా.

…

…ఆ. బిగించావా. డయల్ పెట్టు.

…

…ముల్లు?

…నిలబడింది. సరే.

…సంతోషమే. …గొంతులో లేదంటావేంటి, అలిసిపోయా బావా. రాత్రి ఇటు నువ్వూ నిద్రపోలేదు, అటు ఆవిడా నిద్రపోలేదు. మధ్య గదిలో నేను ఇద్దరి దగ్గులూ వింటూ పడుకున్నా.

…మిగతావి కూడా తుడుచుకుని మొదలుపెట్టు. సాయంత్రానికి అన్నీ అవుతాయా? …ఒక్కడివైతే సగం కూడా కావు.

…మరి ఫోన్ చెయ్.

…ఎవరికేంటి. యూనస్ అన్నకి.

…'తనే వస్తాడులే' అంటే ఎట్టా వస్తాడు? నువ్వు పొమ్మంటే పోయిన మనిషి నువ్వు రమ్మనకుండా ఎట్టా వస్తాడు?

…ఏంటి? …'తనకి కళ్ళు లేవా, ఆ బొట్లు కనపడలేదా' అంటావా.

…కనపడ్డాయి.

…కనపడ్డాయి బావా. శనివారం పొద్దున ఇక్కడే, గుమ్మం దగ్గర, టీ గ్లాసు పక్కన పెట్టి డబ్బా తెరిచాడు. 'పెద్దమ్మా, ఇవి తుడిచి బిగించుకోవచ్చా' అని అడిగాడు. నేను పొయ్యి దగ్గరున్నా, విన్నా.

…ఆవిడేమన్నారో ఆవిడ ముందు నా చేత అనిపించకు.

…సరే. అంటా. యూనస్ అన్న మీద పడకూడదు కాబట్టి అంటా. 'పెట్టిన బొట్టు ఎవరన్నా చేత్తో చెరుపుకుంటారా అబ్బాయ్, దానంతటదే పోనియ్' అన్నారు. ఆయన 'అట్టాగే పెద్దమ్మా' అని మూత పెట్టాడు. అంతే జరిగింది.

…నిన్న ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పను. దాని వల్లేనని ఆయనకి తోచిందో లేదో నాకు తెలీదు. తోచినా ఏమని చెప్తాడు? మీ అమ్మ పూజ చేసి పెట్టిన బొట్టు వల్ల బిళ్ళలు పాడయ్యాయని, భవానీప్రసాద్ గారి ముందు, తన నోటితో చెప్పాలా? యూనస్ అనే మనిషి ఆ మాటంటే ఎట్టా వినపడుతుందో నీకు తెలీదా.

…నువ్వేమీ అనుకోకపోవచ్చు. నేనూ అనుకోను. పక్కనున్నవాళ్ళు అనుకుంటారు. ఏ మాట అనాలో, ఏ మాట మింగాలో ఆయన రోజూ చూసుకుంటాడు. మనకి ఆ అవసరం రాలేదు, అంతే.

…ఆవిడని ఏమీ అనకు. …వద్దు, ఫోన్ ఇవ్వను. 'ఎవరు చెప్పమన్నారు' అంటావేంటి? పోయినేడు కంప్రెసర్ తెచ్చినప్పుడు 'బొట్టు పెట్టవేంటమ్మా' అని పట్టుబట్టి అడిగింది నువ్వు కాదూ?

…తప్పు ఎవరిదని కాదు బావా ఇప్పుడు. చేస్తావా, చెయ్యవా?

…నేను చెయ్యను.

…చెయ్యలేక కాదు. నేను చేస్తే వస్తాడు. నా మాట కాదనలేక వస్తాడు. తర్వాత రోజూ నీ బండి వెనక కూర్చుని నందిగామ దాకా నోరు విప్పకుండా వస్తాడు. అట్టాంటి రావడం నీకు కావాలా? ఆ మాట నువ్వన్నావు. నువ్వే చెయ్.

…కొత్త మనిషిని పెట్టుకుంటావా. పెట్టుకో. మైలవరం నుంచి తెచ్చినవాడు ఎన్నాళ్ళున్నాడు? నీ కేకలకి వారం తిరక్కుండా పోయాడు. ఈయనే కదా నీ కేకలు రోడ్డు మీది హారన్‌కి మల్లే విని ఊరుకునేవాడు.

…ఏమని చెయ్యాలంటే… 'బొట్టు అడ్డం పడింది, నీ చెయ్యి కాదు, రా' అను. అంత చాలు. …నోరు రావట్లేదా. నిన్న బాగానే వచ్చిందిగా.

…నవ్వట్లేదు నేను.

…'సాయంత్రం చూద్దాం' ఏంటి బావా. సాయంత్రానికి భవానీప్రసాద్ గారు వచ్చి నిలబడతారు. …అది కూడా కాదు. ఒక రాత్రి గడిచింది ఇప్పటికే. ఇంకో రాత్రి గడిస్తే ఆయన వేరే షాపు చూసుకుంటాడు. నువ్వు పిలిస్తే బాగుండదేమోనంటున్నావు గానీ, పిలవకపోతే ఇంకేం బాగుంటుంది?

…సరే, నా మాట వద్దు. అత్తయ్యని అడుగుదాం. ఆవిడే చెప్తారు. అత్తయ్యా…

…అత్తయ్యా?

…లేరు బావా.

…ఇప్పుడే, ఇక్కడే ఉన్నారు. వలిచిన ఆకు చాటలో పోసేసి ఉంది. పీట గోడకి ఆనించి ఉంది… వంటింట్లో లేరు… పెరట్లోనూ లేరు.

…నాకేం చెప్పలేదు. ఒక్క మాట కూడా చెప్పలేదు. చెప్పుల చప్పుడు కూడా నేను వినలేదు, నీతో వాదనలో పడి.

…కంగారు పడకు. కనపడుతున్నారు. గేటు తీసే ఉంది. రోడ్డు దాటుతున్నారు. ఇంట్లో చీరతోనే వెళ్ళారు, ముడి కూడా సరిగ్గా వేసుకోలేదు.

…గుడి వైపు కాదు. గుడి ఇటు కదా. ఆవిడ అటు పక్కన నిలబడ్డారు, వత్సవాయి ఆటోలు ఆగే చోట.

…పిలవను. …పిలిస్తే ఆగుతారు బావా, అందుకే పిలవను.

…యూనస్ అన్న ఇల్లు ఆవిడకి తెలుసు. వాళ్ళ చెల్లెలు జాకియా పెళ్ళికి వెళ్ళి రెండు రోజులుండి వచ్చారుగా.

…ఆటో వచ్చింది. …ఎక్కారు. ఇటు చూడలేదు.

…వెళ్ళిపోయింది.

…నన్నేం చెయ్యమంటావు? నీ తరఫునో, తన తరఫునో, ఆవిడే అడగడానికి వెళ్ళారు. వాళ్ళ గుమ్మంలో నిలబడి ఏమంటారో నాకు తెలీదు. ఆ వయసులో ఆవిడ చేత ఆ మాట అనిపిస్తావో, అంతకన్నా ముందు నువ్వే అంటావో. ఆటో వత్సవాయి చేరేలోపు నీకు కాస్త టైముంది.

…ఏంటి? …లేదు, నేనింకేం చెప్పను.

…నేను మాట్లాడుతూ ఉంటే నీ ఫోన్ ఖాళీ అవదు. పెట్టేస్తున్నా.